నా కొంగు పట్టిన గాలం

మా ఇల్లు నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరం. అక్కడినుంచి ఆబిడ్స్ మీదుగా టాంక్‌బండ్‌కు పోయి, గాలం వేసి, సాయంత్రానికి ఇల్లు చేరడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు అడగవచ్చు. మా ఆయన వెంట ఒకసారి వెళ్ళి చూడండి, కాశీయే దగ్గరనిపిస్తుంది.

మా ఆయన గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యారు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క వ్యసనం గాలం. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖానలో కొన్నాళ్ళు ఉన్నాక మెల్లగా లేచింది. "వేళ్ళకు పని చెప్పండి, ఏదో ఒకటి తోముతూ ఉండమనండి. ఊరికే ఉంచితే మళ్ళీ బిగుసుకుపోతుంది" అన్నారు డాక్టరు. ఆయన గిన్నెలు తోముతారేమోనని నేను కాసేపు ఆశపడ్డాను. గాలాల డబ్బా ముందేసుకుని కూర్చున్నారు. చింతపండూ ఇటుక పొడీ కలిపి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు, రోజూ ఒక్కొక్క గాలాన్నీ తోమేవారు. చెయ్యి కదులుతోంది కదా అని నేనూ సంతోషించాను.

ఎండలు తగ్గాక మళ్ళీ టాంక్‌బండ్‌కు వెళ్ళడం మొదలుపెట్టారు. నీటి మీద తేలే బెండు మునిగేది, కర్ర వంగేది, చేప ఒడ్డు దాకా వచ్చి జారుకునేది. ప్రతిసారీ ఇదే వరస. కట్ట మీద సలహాలకు కరువు లేదు. "జల్దీ గుంజిన్రు సార్" అని ఒకరు, "దారం ఢీలా ఇడిసిన్రు" అని ఇంకొకరు, "పెదవి అంచుకు తగిలినట్టుంది, తెగి పోయింది" అని మూడో ఆయన. మా ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఇంటికి వచ్చారు.

"ఇగ ఈ చెయ్యి పోయినట్టే. గాలం కట్టె అమ్మేస్త" అన్నారు.

కట్టె పోతే నాకు బెంగ లేదు, ఇంట్లో కంపు తగ్గుతుంది. కానీ మర్నాటినుంచి చెంచా ఎడమచేతిలోకి మారింది. చొక్కా గుండీలు నన్ను పెట్టమన్నారు. తోమడం మానేశారు. వారం తిరగకముందే కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మొదలైంది. నాకు భయం వేసింది.

ఆయన మాత్రం అమ్మే పట్టు వదల్లేదు; శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇద్దరం బయల్దేరాం. ఆదివారం వెళ్ళకండి, దుకాణాలు మూసి ఉంటాయి. అర్ధరూపాయికి రిక్షా కుదిరింది.

"గీ కట్టె ఏందమ్మా?" అన్నాడు రిక్షావాడు.

"సారుకు చేపల మీద దయ పుట్టింది నాయనా. అమ్మనీకి పోతున్నం" అన్నాను.

మా ఆయన నవ్వలేదు. మామూలుగా అయితే కనీసం కోప్పడేవారు.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక, ఒక సందులో వేట సామాన్ల దుకాణం ఉంది. యజమాని మా ఆయనకు పాత పరిచయం. డబ్బా మూత తీసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏంది సార్, గాలాలు గిట్ల మెరుస్తున్నయ్! అద్దం లెక్కనే ఉన్నయ్."

"సాఫ్ చేసిన" అన్నారు మా ఆయన, కాస్త గర్వంగానే. డబ్బా అందుకోబోయారు. చెయ్యి వణికి డబ్బా తిరగబడింది. గాలాలన్నీ పక్కన కూర్చున్న నా ఒళ్ళో పడ్డాయి. కొత్త వాయిలు చీర! పోయింది, జల్లెడ అయిపోయింది అనుకుంటూ లేచి దులిపాను. గాలాలన్నీ గలగలా నేల మీద పడ్డాయి. చీరను ఒక్కటీ పట్టుకోలేదు.

హమ్మయ్య అనుకుని పక్కకు తిరిగానో లేదో, నన్నెవరో వెనక్కి లాగారు. గల్లా బల్ల మీద పరిచిన కొత్త గాలాల్లో ఒకటి నా కొంగు పట్టుకుంది. నేను లాగాను, దుకాణదారు లాగాడు. అది మరింత లోపలికి దిగింది. చివరికి కత్తెర తెచ్చి పోగులు కత్తిరించాల్సి వచ్చింది.

కొంగు చిల్లు చూసుకుంటుంటే నాకు తట్టింది. బళ్ళో ఇన్నేళ్ళు కుట్టుపని కూడా నేర్పినదాన్ని, మొన సంగతి నాకు తెలియదా?

"ఏమండీ, జర ఇటు చూడున్రి. నా చీరను పట్టలేని గాలం, బొచ్చె చేప నోట్ల ఏం నిలుస్తది?"

మా ఆయన కింద పడ్డ గాలం ఒకటి ఏరి, వేలితో తడిమారు. మొన మొద్దుబారింది. చేప వెనక్కి జారకుండా ఆపే చిన్న ఎదురుముల్లు అరిగి నున్నగా అయిపోయింది.

"గాలం తోమిన్రా సార్, గంగాళం తోమిన్రా?" అన్నాడు దుకాణదారు.

"కొత్తయి ఓ పొట్లం కట్టు" అన్నారు మా ఆయన. "కట్టె అమ్మేది లేదు."

ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే మళ్ళీ దిగులు పడ్డారు. "తప్పు గాలానిదే అయితే మంచిదే. చేతిది గూడ అయితే?"

"సాయంత్రం తెలుస్తది. అప్పటిదాంక ఏడుపు ఆపున్రి."

టాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాదు పోయే డబుల్ డెక్కర్ ఎక్కాం. "కట్టెకు గూడ టికెట్ కొట్టాల్నా సార్?" అన్నాడు కండక్టరు. "కొట్టు, అది మళ్ళ చెరువుకు పోతున్నది" అన్నారు మా ఆయన. నాకు సగం ప్రాణం అప్పుడే లేచి వచ్చింది.

కట్ట మీద ఎండ వాలాక బెండు మునిగింది. కర్ర వంగింది. చేప కుడికీ ఎడమకీ పరుగులు తీసింది. నేను నోరు మూసుకున్నాను. పెళ్ళయ్యాక మెలకువలో అంతసేపు మూసుకోవడం అదే మొదలు. ఆయన దారం బిగువు తగ్గనివ్వకుండా, తొందరపడకుండా, కాసేపు వదులుతూ కాసేపు చుడుతూ ఒడ్డుకు తెచ్చారు. బొచ్చె!

"ఇయ్యాల దారం మంచిగ పట్టిన్రు సార్" అన్నారు పక్కాయన.

"దారం కాదు, మా టీచరమ్మ కొంగు" అన్నారు ఈయన. పక్కాయనకు అర్థం కాలేదు.

గాలం చేప దవడలో గట్టిగా దిగింది. నేను చెయ్యి పెట్టబోతే, "ఉండు, నేనే దీస్త" అన్నారు. కుడిచేతి వేళ్ళతో, వణుకుతూనే, మెల్లగా తిప్పి తీశారు.

ఇంటికి వచ్చి పులుసు పెట్టాను. అన్నం కుడిచేత్తో కలుపుకున్నారు. ముళ్ళు కూడా తనే ఏరుకున్నారు. నేను గిన్నెలు సర్దే వంకతో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. తన చెయ్యి తనను వదిలేసిందని మనిషి ఎంత సులువుగా నమ్ముతాడు! చేపలు జారిపోయిన ప్రతిసారీ ఆయన తన చేతివంక చూసుకున్నారే తప్ప, గాలం వంక చూడలేదు. అంత ముద్దుగా తోముకున్న వస్తువును ఎవరు అనుమానిస్తారు? ఇప్పుడు ఆయన వేళ్ళ కసరత్తుకు మా ఇంటి రాగి చెంబులు అప్పగించాను. అవి ఎంత తోమినా చెడిపోవు, నాకూ పని కలిసొస్తుంది.

మీరూ టాంక్‌బండ్‌కు వెళ్తుంటే ఒక్క మాట: గాలాన్ని నీళ్ళతో కడిగి తుడవండి, తోమకండి. బయల్దేరేముందు ఒక పాత గుడ్డకు తగిలించి లాగి చూడండి. పాత గుడ్డకే సుమా, కొత్త చీరకు కాదు.