పెద్ద తోక

రాతిలోంచి ట్రైలోబైట్ తల కాస్త బయటపడగానే హమ్ము దాన్ని నాకుతాడు. తడిస్తేగాని రాయేదో, కోట్ల ఏళ్ల కిందట రాయైపోయిన ఆ సముద్రపు పురుగు పెంకేదో తెలియదు. అట్లాస్ కొండరాతి మట్టిరుచి అతనికి పుదీనా టీ కన్నా ఇష్టం. అతనికి అసహ్యమల్లా విరిగిన ముక్కలు అతికించే జిగురు. చలికాలమంతా గడప దగ్గర కూర్చుని, సూదితో గీకి గీకి ఒక్క పురుగును బయటికి తీశాడు. అర్ధచంద్రంలాంటి తల, దానిమీద మిగతా జాతులకుండే అతుకుగీత లేదు. నెలవంకల్లాంటి కళ్లు, చివర గోధుమగింజంత తోక. అన్నిటికన్నా పాత జాతికి గుర్తులవే. వీటిని అమ్మే కొట్టు నడిపే అన్న లహ్సెన్ మొహం చిట్లించాడు. "తోక విరగ్గొట్టావు కదరా!"

"ఈ జాతికి తోక అంతేనన్నా."

"నోర్ముయ్. మొండిదాన్ని ఎవడు కొంటాడు? పెద్దది అతికించు."

హమ్ము వేరే జాతి తోక తెచ్చి అతికించి, రాతిపొడి అద్ది, అలవాటుకొద్దీ నాకాడు. ఎన్నిసార్లు పుక్కిలించినా జిగురు వెగటు పోలేదు. పురుగు మాత్రం కొట్లో అద్దాల బీరువా ఎక్కి కూర్చుంది.

కొన్నాళ్లకు కొండ తవ్వే కూలీ, ఇద్దర్ అనేవాడు, అదే జాతి పురుగును, చెక్కుచెదరనిదాన్ని, గుడ్డలో చుట్టి తెచ్చాడు. లహ్సెన్ దాన్ని బీరువాలోదాని పక్కన పెట్టి చూసి, తోక అతికించమన్నది తానేనన్న సంగతే మరిచి మండిపడ్డాడు.

"నాకే నకిలీ అంటగడతావా? అసలుదాని తోక చూడు, ఎంతుందో! ఏరా హమ్మూ, నువ్వు చెప్పు."

హమ్ము ఇద్దర్ తెచ్చినదాన్ని నాకి చూశాడు. అచ్చమైన మట్టిరుచి. ఇద్దర్ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"అసలుదేనన్నా. తోక విరిగిందంతే," అన్నాడు హమ్ము.

లహ్సెన్ ముందుకు తోసిన జిగురు డబ్బా మూత ఇంకా తీయనేలేదు. అప్పుడే నోరంతా వెగటు.