పిల్లికి పట్టని గ్రహణం

నా చిన్నప్పుడు గ్రహణం రాబోతోందంటే మా ఇంట్లో అందరికన్నా ముందు మా అమ్మకే తెలిసిపోయేది. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చడి జాడీల మీద వేయడానికి దర్భలు వెతుకుతూ మా నాన్నమ్మ ఆమె వైపు ఒక చూపు చూసేది. ఆ చూపుకు కారణం నా ఎడమ చెంప. కణత నుంచి దవడ దాకా నల్లటి మచ్చతో పుట్టాను నేను. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ కదలకుండా పడుకోమంటే వినకుండా అమ్మ లేచి వంకాయలు తరిగిందని, ఆ దోషమే నాకు తగిలిందని నాన్నమ్మ తీర్మానం. తరిగానని గాని, తరగలేదని గాని అమ్మ ఏనాడూ అనలేదు.

ద్రాక్షారామం దగ్గర మా ఊరు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా మేనత్త పురిటికి పుట్టింటికి వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి మచ్చ మొహం చూడకూడదని నన్నూ, చేతిలో దోషం ఉందని అమ్మనూ నాన్నమ్మ ఆ గది గడప దాటనివ్వలేదు. అమ్మ వండేది, నాన్నమ్మ పట్టుకెళ్ళి పెట్టేది. అత్తకు చిన్నతనంలో జడలు వేసింది మా అమ్మే. అయినా అమ్మ ముఖంలో బాధన్నది కనబడేది కాదు. పొయ్యిలో కొబ్బరి డొక్కలు ఎగదోస్తూ కూర్చునేది. నాకూ ఏమీ అనిపించేది కాదు. అత్త వసారాలోకి వస్తే గోడ వైపు తిరిగి నిలబడడం, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రావడంలాగే అలవాటైపోయింది.

అదే నెలలో సూర్యగ్రహణం వచ్చింది. అత్తను చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, కాలు కూడా ముడవనివ్వలేదు. ఆ సమయంలో మా మూడు రంగుల పిల్లి కూడా కడుపుతోనే ఉంది. తెల్లటి ఒంటి మీద నల్లటివీ, కాషాయం రంగువీ మచ్చలు. గ్రహణం పట్టినంతసేపూ అది పెరటి గోడ మీద తిరిగింది, ఎలుకను పట్టి అక్కడే చీల్చింది. జాడీల వైపు వచ్చినప్పుడు మాత్రం నాన్నమ్మ తోలింది.

కొన్నాళ్ళకు అది గంపలో పిల్లల్ని పెట్టింది. మా తాతయ్య అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు నేను గోడకు తిరిగి నిలబడడం చూశాడో ఏమో, ఆ గంప ఎత్తుకొచ్చి సరిగ్గా అత్త గది గడప మీద పెట్టాడు. లోపల మంచం మీద అత్త, ఆమె పక్కన నాన్నమ్మ.

"ఏమేవ్, గ్రహణం రోజున ఇదేం చేసిందే?"

"గోడెక్కి ఎలకని చీల్చింది. నేనే కదండీ తోలాను. ఏం?"

"ఒకటి నల్లది, ఒకటి కాషాయంది, ఒకటి మూడు రంగులూ ఉన్నది. ఎలకని ఎక్కడ చీలిస్తే ఏ మచ్చ వచ్చిందో చెప్పు మరి."

"పిల్లికి గ్రహణమేంటండీ, మీ చాదస్తం కాకపోతే!"

"ఓహో, నాదా చాదస్తం! పిల్లికి లేదు, గేదెకి లేదు, నా కోడలికొక్కదానికే పట్టిందన్నమాట. సూర్యుడికి మనిల్లు బానే దొరికిందే!"

అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వంటింటి వైపు కేకేసింది. "వదినా, నడుం పట్టేసింది. కాస్త నూనె రాద్దూ గాని, ఇలా రా."

అమ్మ నూనె గిన్నెతో గడప దాకా వచ్చి ఆగిపోయింది. నాన్నమ్మ రమ్మనలేదు, వద్దనలేదు. తాతయ్య గంపను పక్కకు జరిపాడు. అయినా అమ్మ కాలు లేవలేదు. చివరికి అత్తే మంచం దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అమ్మ కూర్చుని నడుముకు నూనె రాసింది. ఆమె ముఖం మాత్రం మారలేదు. నేను గోడ వైపు తిరగడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాతి చదువంతా మా శాఖా గ్రంథాలయంలోనే, ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. అక్కడే ఒక పుస్తకంలో మూడు రంగుల పిల్లి రహస్యం దొరికింది. ఆడపిల్లికి ఎక్స్ క్రోమోజోములు రెండుంటాయి. ఒకదానిలో నలుపు, మరొకదానిలో కాషాయం. పిండంగా ఉండగానే ఒక్కో కణం ఆ రెండింటిలో ఒకదాన్ని మూసేస్తుంది. మూయకుండా మిగిలినదాని రంగే అక్కడ మచ్చవుతుంది. ఏది మూస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండు ఎక్స్‌లు ఉండాలి కాబట్టే అలాంటి పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. తెలుపుకు కారణం వేరే ఉంది. అలాంటి పిల్లికి క్లోనింగ్‌తో నకలు పుట్టిస్తే, దానికి అసలు పిల్లి మచ్చలు రానే లేదట. మనుషుల పుట్టుమచ్చల సంగతి వేరు. వాటి గురించీ వెతికి చదివాను. అక్కడా వంకాయలు లేవు.

ఆ సాయంత్రమే వెళ్ళి అమ్మకు అంతా వివరించాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ చివరిదాకా విన్నది.

"అది పిల్లుల సంగతి కదరా," అంది. ఇంకో రాయి ఏరి పారేసి, "మీ నాన్న ఆకలన్నారు. తరిగాను," అంది. చేట పక్కన పెట్టి దీపం వెలిగించడానికి లేచింది.

తాతయ్య మాటకు నాన్నమ్మ నోరు మూతపడింది గాని, అమ్మ లోపల ఉన్నది కదలలేదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు గ్రహణం జాగ్రత్తలు ఫోన్లలో వస్తున్నాయి. నేను ఎవరితోనూ వాదించను. ఏ ఇంటికైనా పురిటిబిడ్డను చూడడానికి వెళ్తే, ముందు తల్లి దగ్గర కూర్చుని, అన్నం తిన్నావా అమ్మా, నిద్ర పడుతోందా అని అడుగుతాను. ఆమె జవాబు చెప్పేదాకా ఉయ్యాలలోకి తొంగి చూడను.