సోమనర్సయ్య సార్ ఫాయిదాలు

మా సోమనర్సయ్య సార్‌కు ఎవరికి ఏ కష్టమొచ్చినా అందులో ఒక లాభం కనిపించేది. కనిపించింది చెప్పకుండా ఉండలేకపోవడమే ఆయన జబ్బు. "గిండ్ల గూడ ఒక ఫాయిదా ఉన్నది" అన్నారంటే చాలు, స్టాఫ్‌రూములో సగంమంది బయటికి నడిచేవాళ్లు.

ఒకసారి స్కూటర్‌తో సహా బురదగుంటలో పడి, ఆ బట్టలతోనే బడికొచ్చారు. "పడ్డ గాబట్టే ఊరంత పలకరించింది. మంచిగ పోయిన రోజు ఎవ్వలన్న మాట్లాడిన్రా?"

బయ్యారం దగ్గరి ఆ బడిలో నేను చేరిన మొదటిరోజే పిల్లలు నా గొంతును అనుకరించి వెక్కిరించారు. ఏడుస్తూ వచ్చి స్టాఫ్‌రూములో సార్ పక్కన కూర్చున్నాను.

"నీ గొంతు గంత మంచిగ పట్టిన్రంటే, నువ్వు చెప్పింది మొత్తం విన్నట్టే గదా నజియమ్మా. నా క్లాసుల ఒక్కడు వినడు. అందుకే ఒక్కడు గూడ ఎక్కిరియ్యడు."

ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. మర్నాడు మళ్లీ అదే క్లాసుకు వెళ్లాను.

సకల జనుల సమ్మెలో టీచర్లమంతా టెంటు కింద కూర్చున్నాం. రోడ్డు మీద వంటావార్పు పెడితే సాంబారు అడుగంటింది. "మాడింది గాబట్టే పోలీసోళ్లు పంక్తిల కూసుంటలేరు" అని ఆయనే రెండోసారి పోయించుకున్నారు.

అంతలో తుల్సీబాయి సంగతి తెలిసింది. మా పదో తరగతి పిల్ల. సమ్మెకు ముందు మానుకోటలో ఉపన్యాస పోటీకి వెళ్తే, ఆమె మాట తీరు విని న్యాయనిర్ణేత అందరిముందు నవ్వాడట. "ముందు తెలుగు నేర్చుకొని రా" అన్నాడట. సమ్మె ముగిసినా ఇక బడికి రానని, తల్లితో పత్తి ఏరడానికి పోతానని ఆ పిల్ల మొండికేసింది.

సారూ నేనూ కలిసి తండాకు వెళ్లాం. ఈయన అక్కడ కూడా ఫాయిదా తీస్తారేమోనని దారంతా నాకు భయమే.

తుల్సీబాయి తలెత్తకుండా అడిగింది. "చెప్పున్రి సార్, గిండ్ల ఏం ఫాయిదా ఉన్నది?"

సార్ నులకమంచం మీద కూర్చున్నారు. "ఏం లేదు బిడ్డా. ఆయన చేసింది తప్పు. నాకు మస్తు కోపమొచ్చింది."

ఆ పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత లంబాడీలో ఆ న్యాయనిర్ణేతను తిట్టడం మొదలుపెట్టింది. సార్ ప్రతి మాటకూ తలూపుతున్నారు. తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

తుల్సీబాయికి అనుమానమొచ్చింది. "మీకేం సమజైందని తలూపుతున్నరు సార్?"

"ఒక్క ముక్క సమజ్ గాలే. గని మస్తు తిట్టినవు."

పిల్ల ఫక్కున నవ్వింది.

తిరిగొస్తూ అడిగాను. "ఫాయిదా ఎందుకు చెప్పలేదు సార్?"

"మీరు నవ్వుతరని చెప్తనమ్మా, నిజమని గాదు. ఆ పిల్లను చూసి ఒకడు నవ్విండు. ముందుగాల ఆమె పక్కన కూసునేటోడు గావాలె."

తండాకు వెళ్లొచ్చిన రెండోరోజు తుల్సీబాయి మా టెంటుకు వచ్చి మైకు అడిగింది. సగం తెలుగు, సగం లంబాడీ కలిపి, తమ మాటను వెక్కిరించేవాళ్లను కడిగేసింది. రోడ్డు మీద ఆటోలు ఆగాయి. నేను సార్ వైపు తిరిగాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఆ మనిషి, హెడ్‌మాస్టర్ పక్కనే నిలబడి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేస్తున్నారు.