వాసన పట్టకముందే

ఒక పిల్ల అడిగిన మాటకు నేను అబద్ధం చెప్పాను. దాన్ని ఇన్నేళ్లు మోశాను. కాలు విరిగిన గొర్రెను భుజాన వేసుకొని గుట్టలెక్కినదాన్ని. ఇద్దరు బిడ్డలను మట్టిలో పెట్టి మరునాడే మందను మేపుకొచ్చినదాన్ని. ఆ బరువులేవీ నన్ను ఇంతగా వంచలేదు.

నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెబితే వాళ్లు ఏడుస్తారు, లేదంటే నన్ను ఏడిపిస్తారు. నాకు రెండూ వద్దు. క్షమించమని అడగడానికి నీ ముందు కూర్చోలేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. విను, అంతే చాలు.

మాది నందికొండకు ఎగువన, ఎర్రమట్టి గుట్టల మధ్య ఊరు. గొర్లు, మేకలు, వాటితో పాటు ఇంత జొన్నచేను. అప్పుడు కింద కృష్ణ మీద డ్యాం కడుతున్నారు. నా మగడు అక్కడి కూలీల గుడిసెల దగ్గరికి మేకలు తోలుకుపోయి అమ్మి వచ్చేవాడు. నాకు అప్పటికే ఇద్దరు కొడుకులు పోయారు. ఒకడు పుట్టి, పురుడు స్నానమన్నా కాకముందే పోయాడు. ఇంకొకడు నా కొంగు పట్టుకొని లేచి నిలబడడం నేర్చుకుంటూ ఉండగా, విరేచనాలు పట్టుకొని ఒక్క పూటలో వాడిపోయాడు. వాడి బరువు ఎంత ఉండేదో నా చంకకు ఇప్పటికీ తెలుసు.

మూడోసారి కడుపు వచ్చినప్పుడు పొట్ట ఒక పక్కకు ఒరిగి పెరిగింది. మంత్రసాని ఆముదం రాసి రెండు చేతులా ఒత్తి చూసింది. కవలలు అంది. మళ్లీ ఒత్తింది. ఇద్దరూ బాగున్నారా అని అడిగితే చేతులు కడుక్కోవడానికి లేచింది. అందుకే ఒకసారి మగని వెంట మేకలతో పాటు నేనూ కిందికి దిగాను. ఆయన బేరంలో ఉండగా కూలీల దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడి నర్సమ్మ ఆంధ్ర దిక్కు మనిషి. కట్టెతో చేసిన బూర లాంటిది పొట్టకు ఆనించి, రెండో వైపు చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"ఇద్దరున్నారమ్మా. ఒకటి బాగా ఎదిగింది, కిందికి అదే ఉంది, ముందు అదే వస్తుంది. రెండోది మరీ చిన్నది. దాని సంగతి నేనేమీ చెప్పలేను. బాగా తిను," అంది.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మగనికి కూడా చెప్పలేదు. నర్సమ్మ ఏమంది అని అడిగితే అంతా మంచిదే అందన్నాను. మొదటి అబద్ధం అది.

ఆ తర్వాత నేను పడ్డ యాతన ఎవరు చూశారు? నేను తిన్న రొట్టె ఎవరికి పోతోంది? పెద్దదే గుంజుకుంటోందా? చిన్నదాని నోటిదాకా వస్తోందా? చిన్నది ఉన్న పక్కకు ఒరిగి పడుకుంటే దానికి ఎక్కువ దొరుకుతుందేమో అని రోజుల తరబడి ఒక్క పక్కనే పడుకున్నాను. తుంటి నొప్పి పుట్టి లేవలేకపోయేదాన్ని. ఇన్ని పల్లీలు, ఇంత బెల్లం దొంగతనంగా తెచ్చుకొని తినేదాన్ని, తింటూ పొట్ట మీద చెయ్యి పెట్టి, ఇది నీకే, దానికి కాదు, అని చెప్పేదాన్ని. పెద్దది తన్నితే కోపం వచ్చేది. చిన్నది తన్నకపోతే భయం వేసేది. నవ్వుతావేమో, నవ్వు. కడుపులో ఉన్న ఇద్దరికి పంచాయితీ చెప్పబోయిన ఆడదాన్ని నేను.

ఒకనాడు ఆ భయం అలసిపోయింది. ఎట్లా జరిగిందో నాకు తెలియదు. పొద్దున లేచి, ఎటు తిరిగితే నాకు హాయిగా ఉందో అటే తిరిగి పడుకున్నాను. అప్పుడే నాలో ఒకటి గట్టిపడింది. మూడోసారి నేను గుంత తవ్వించను అనుకున్నాను. నా వాకిట్లోంచి ఇంకో చిన్న మూట బయటికి పోనివ్వను.

దారి మా అత్తే చూపించింది, తనకు తెలియకుండానే. నా మగని అక్క, మా వదినె, హాలియాలో ఉండేది. ఆమెకు పిల్లలు లేరు. మొక్కని దేవుడు లేడు. కవలలని తెలిసిన రోజే మా అత్త, ఇద్దరూ దక్కితే ఒకరిని నా బిడ్డకు ఇయ్యవే అంది. ఏ పిల్లనివ్వాలో నీ ఇష్టం అని కూడా అంది. నేను సరే అన్నాను. ఇద్దరిలో బలంగా పుట్టినదాన్నే ఇస్తానని ఇల్లంతా అనుకుంది. గొర్ల ఇంట్లో అది ఎవరూ చెప్పనక్కరలేదు. గొర్రె రెండు పిల్లలు వేస్తే, పిల్ల చచ్చిపోయిన ఇంకో గొర్రెకు ఒకదాన్ని అలవాటు చేస్తాం. అప్పుడు బలంగా ఉన్నదాన్నే తీస్తాం. పరాయి పాలకు అదే తట్టుకుంటుంది. బక్కది తల్లి దగ్గర ఉండాలి. అయితే ఏ పిల్లను తీసినా, తల్లి దాన్ని నాకకముందే తీసెయ్యాలి. ఒకసారి నాకి వాసన పట్టిందా, ఆ గొర్రె ఇక పిల్లను విడవదు. రోజుల తరబడి అరుస్తూ మందంతా తిరుగుతుంది.

ఆ పద్ధతినే నేను అడ్డం పెట్టుకున్నాను.

నర్సమ్మ చెప్పినట్టే పెద్దది ముందు వచ్చింది. ఆడపిల్ల. గొంతు గట్టిది. మంత్రసాని దాన్ని తుడిచేలోగా చేతులు చాచి గుంజుకున్నంత పని చేశాను. తల మీద ముక్కు పెట్టి వాసన చూశాను. అందరూ చూసేటట్టు చూశాను. రెండోది వచ్చినప్పుడు మొదట ఏడుపే లేదు. తర్వాత పిల్లికూన గొంతుతో సన్నగా ఏడ్చింది. అదీ ఆడపిల్లే. మంత్రసాని దాన్ని నా పక్కకు తేబోయింది. "నా పక్కకు తేకు. వాసన పడ్తే ఇడువను. గట్లనే వదినె ఒళ్లె వెయ్యి," అన్నాను. మా అత్త కళ్లొత్తుకుంది. పెద్దదాని వాసన అప్పుడే పట్టిందిగా, తల్లి ప్రాణం, ఇప్పుడు దాన్ని ఎట్లా విడుస్తుంది అనుకున్నారు. నేను నెలల ముందే లెక్క తేల్చుకున్నానని ఎవరికి తెలుసు?

చావబోయేదాన్ని ఇచ్చాను. దక్కేదాన్ని ఉంచుకున్నాను. సూటిగా చెప్పాలంటే ఇదే. చావు వచ్చేదుంటే హాలియాలో ఆమె ఇంటికి రానీ, నా ఇంటికి వద్దు అనుకున్నాను. తప్పేనంటావా? అను. కానీ రెండు గుంతల మన్ను చేతులకు అంటించుకొని వచ్చి అను. అప్పుడు వింటాను.

అక్కడితో ఆగి ఉంటే నీకు ఈ కథ చెప్పేదాన్నే కాదేమో. ఆగలేదు.

పురుడు స్నానం అయ్యేదాకా వదినె మా ఇంట్లోనే, గోడకు అవతల అర్రలో ఉంది. దూదిని మేకపాలలో ముంచి చిన్నదాని నోట్లో పిండేది. అది సగం మింగి, సగం కక్కి ఏడ్చేది. ఆ ఏడుపు వినబడగానే నా రవిక తడిసిపోయేది. నా మాట వినని ఒళ్లు. పెద్దది తాగి విడిచినా ఇంకా మిగిలేవి పాలు. వదినె అడగకముందే ఇంటి వెనక్కు వెళ్లి, గోడ మొదట్లో పాలు పిండి, కాలితో మన్ను కప్పేదాన్ని. చీమలు వచ్చేవి. అందుకని ఇంకింత మన్ను కప్పేదాన్ని.

పురుడు స్నానం నాడు బండి కట్టారు. వదినె చిన్నదాన్ని గొంగడి ముక్కలో చుట్టుకొని నా మంచం దగ్గరికి వచ్చింది. మొహం చూస్తే నాకు అర్థమైంది, ఏదో అడగబోతోందని.

"పిల్లా, గిది గింతంతే ఉన్నది గదా. ఒక్క నెల నీ కాడనే ఉంచుకొని జర పాలియ్యి. జర బలం పట్టినంక నేనే వచ్చి తీస్కపోత."

"నాకు పాలు పడ్తలేవు వదినె. ఉన్న చుక్క దీనికే చాల్తలేదు. జల్ది తీస్కపో."

ఆమె నా రవిక వైపు చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. నన్ను నమ్మింది కాబట్టి చూడలేదు.

"సరే తియ్యి, ఫికర్ జెయ్యకు. మేకపాలతోనే సాదుకుంట. చిన్నగుంటే ఏమాయె? ఇంకిన్ని దినాలు ఎక్కువ నా ఒళ్లె పండుకుంటది."

బండి కదిలింది. చిన్నది ఏడ్చింది. నా పాలు కారాయి. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

కబురు వస్తుందని ఎదురుచూశాను. ఎటువంటి కబురో నీకు చెప్పక్కరలేదు. రాలేదు. నెల తర్వాత రాలేదు, ఎండలు ముదిరినా రాలేదు. వానాకాలంలో వదినె తనే వచ్చింది, చంకలో పిల్లతో. ఈదమ్మ అని పేరు పెట్టుకుంది. నేనుంచుకున్న పెద్దది సత్తెమ్మ, దాని పక్కన పడుకోబెడితే తలకాయంత తక్కువ. అయినా బతికింది. ఎలా బతికించిందో నాకు తెలుసు. వదినె కళ్ల కింద నల్లటి గుంటలు చూశాను. అప్పుడు సంతోషపడ్డానా? పడ్డాను. భయపడ్డానా? అంతకంటే ఎక్కువ పడ్డాను. చచ్చిపోయి ఉంటే నా అబద్ధం దానితో పోయేది. బతికింది కాబట్టి అది కూడా దానితో పాటే పెరిగింది.

ఆ తర్వాత ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. కడుపున పుట్టినదాన్ని ఆడబిడ్డకు ఇచ్చిన మహాతల్లి అన్నారు. నా మగడు నలుగురిలో ఆ మాట చెప్పుకొని మీసం దువ్వేవాడు. కాలువ నీళ్లొచ్చి హాలియా దిక్కు వరి మొదలయ్యాక, వదినె ఏటా కొత్త బియ్యం బస్తా పంపేది. నా బిడ్డనిచ్చినదానికి ఏమిచ్చి రుణం తీర్చుకుంటనే అనేది. ఆ అన్నం వండేదాన్ని, అందరికీ పెట్టేదాన్ని. నా కంచంలో జొన్నరొట్టె పెట్టుకునేదాన్ని. నీకు వరి అరగదా అని అడిగేవాళ్లు. అవును, అరగదు అనేదాన్ని. అది మాత్రం అబద్ధం కాదు.

కాలువ నిండా నీళ్లు పారుతున్న ఏడు వదినె ఇంటికి వెళ్లాను. సత్తెమ్మ కాలువ గట్టు మీద పరుగెడుతోంది. ఈదమ్మ నా పక్కనే కూర్చుంది, కాళ్లు నీళ్లకు అందక గాలిలో ఊపుకుంటూ. దానికి అన్నీ తెలుసు, వదినె ఏదీ దాచలేదు.

"అత్తా, మేమిద్దరం నీకే పుట్టినం గదా. మరి నన్నే ఎందుకిచ్చినవ్? సత్తెను ఎందుకియ్యలే?"

దాని కళ్లలో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. నేను దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, నిన్ను చూడంగనే మీ అమ్మకు ముద్దొచ్చింది బిడ్డా, అందుకే, అన్నాను. అది నవ్వింది. ఆ నవ్వుకే నేను ఇన్నేళ్లు భయపడుతున్నాను.

ఇచ్చినందుకు నేను సిగ్గుపడను. వదినె కంటే మంచి తల్లి దానికి దొరికేది కాదు, నాతో సహా. బలమైనదాన్ని ఉంచుకున్నందుకూ సిగ్గుపడను. మళ్లీ ఆ పూట ఎదురైతే మళ్లీ అదే చేస్తాను. ఎవరేమనుకున్నా సరే. కానీ గోడ మొదట్లో మన్ను తాగిన పాలు ఉన్నాయి చూడు. అవి ఎవరి పాలు?

ఈదమ్మకు చెప్పాల్సిన మాటను నీకు చెబుతున్నాను. ముద్దొచ్చి ఇవ్వలేదు బిడ్డా. నువ్వు చచ్చిపోతావనుకున్నాను, అందుకే ఇచ్చాను. నాకు పాలున్నాయి. నీకు ఇవ్వలేదు.

చెప్పేశాను.