ఆ చెప్పులు వేసుకోమనండి

నిరుడు మామిడికాయల సీజన్లో బైకు దొంగతనం అనుమానంతో మా ఆయన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. ఎక్కడ ఉంచారో ఎవరూ చెప్పలేదు. ఒక్కరోజులోగా కోర్టుకు తేవాలన్న సంగతి నాకప్పుడు తెలియదు. మూడోరోజు తిరువూరు కోర్టుకు తెస్తున్నారని తెలిసి, పొయ్యి మీది కూర దించేసి పరిగెత్తాను.

ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. అందరూ అది కోర్టు మీద గౌరవమనుకున్నారు. నాకు మాత్రం ఆయన నడక తెలుసు. నిప్పుల మీద నడుస్తున్నట్టు వస్తున్నారు.

"పోలీసులు కొట్టారా?" అని మేజిస్ట్రేటు మేడమ్ అడిగారు.

ఆయన పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూసి, "లేదండి" అన్నారు.

మేడమ్ రాసుకోబోయారు. మాట్లాడొచ్చో లేదో తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"మేడమ్, ఆయన్ని ఒకసారి ఆ చెప్పులు వేసుకోమనండి."

ఎవరో కూర్చోమని గదమాయించారు. మేడమ్ మాత్రం "వేసుకోండి" అన్నారు. వాచిపోయిన పాదం చెప్పులోకి దూరలేదు.

మేడమ్ పోలీసుల్ని బయటికి పంపి మళ్ళీ అడిగారు. ఈసారి ఆయన చెప్పారు. ఆస్పత్రిలో పరీక్ష చేయించమని మేడమ్ ఆర్డరు వేశారు. ఆ రిపోర్టుతోనే ఇప్పుడు పోలీసుల మీద మా కేసు నడుస్తోంది.

"ఎందుకు లేచావు? వాళ్ళు మళ్ళీ పట్టుకెళ్తే ఏంటి?" అని ఆయన ఇప్పటికీ విసుక్కుంటారు. నేను కూర్చునే ఉంటే కాగితం మీద ఆ "లేదండి" ఒక్కటే మిగిలేది. భయం నాకూ పోలేదు. వీధిలో జీపు ఆగితే చాలు, చేతిలో పని వదిలేసి, గుమ్మం దగ్గర ఆయన చెప్పులున్నాయో లేదో చూసుకుంటాను.

– ఎస్. రజియా, తిరువూరు