పసుపూ సున్నమూ కలిపే రోజు

ఏడో తరగతికి భౌతిక, రసాయన మార్పుల పాఠాన్ని నేను పుస్తకంలో మొదలుపెట్టను, వంటింట్లో మొదలుపెడతాను. ఐసు ముక్క కరిగితే నీళ్లవుతుంది, మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది. ఉల్లిపాయ ఎంత సన్నగా తరిగినా ఉల్లిపాయే. వీటిలో కొత్త పదార్థమేదీ పుట్టలేదు కాబట్టి భౌతిక మార్పులు. పాలు పెరుగైనా, కిటికీ ఊచ తుప్పు పట్టినా, పెనం మీద దోసె మాడినా అంతకుముందు అక్కడ లేనిదేదో పుట్టింది. అవి రసాయన మార్పులు. ఇక్కడిదాకా వచ్చేసరికి వెనక బెంచీల వాళ్లు ఆవులిస్తుంటారు. అప్పుడు పసుపు గిన్నె బయటికి తీస్తాను.

పసుపులో తడి సున్నం కలిపితే ఎర్రబడి కుంకుమవుతుంది. ఆ రంగు తిరిగేటప్పుడు క్లాసు క్లాసంతా లేచి నిలబడుతుంది. సున్నం ఎక్కువైతే చర్మం మండుతుంది, అందుకని చిటికెడే వేస్తాను. ఆ కుంకుమతో అడిగిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ బొట్టు పెట్టి పాఠం ముగించడం మా చిక్కడపల్లి బడిలో నేను చేసిన అలవాటు. పై తరగతుల వాళ్లు ఊరించి చెబుతారేమో, బడి తెరిచిన దగ్గర్నుంచీ "బొట్టు పాఠం ఎప్పుడు టీచర్?" అని నా ప్రాణం తీస్తారు.

ఈ ఏడాది వానలు మొదలైన రోజుల్లో మా ఆయన చనిపోయాడు. పొద్దున్న కాఫీ తాగాడు, పేపరు విప్పాడు, అంతే. నాకు ఏడుపు రాలేదు. అశోక్‌నగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చిన చుట్టాలు నా మొహం చూసి చూసి విసిగిపోయారు. "ఏడ్చెయ్యి అమ్మాయ్, తేలికపడతావు" అన్నారు. ఏడుపేమన్నా కుళాయా, తిప్పగానే రావడానికి! పదో రోజున మా ఆయన అక్క, అంటే మా వదిన, తడిగుడ్డతో నా నుదుటి బొట్టు తుడిచి తనే భోరుమంది. నేను స్విచ్ బోర్డు మీద పట్టిన దుమ్ము చూస్తూ కూర్చున్నాను.

తర్వాత మళ్లీ బడికి వెళ్లాను. పేపర్లు దిద్దాను, అన్నం తిన్నాను, జీతం వస్తే కరెంటు బిల్లు కట్టాను. ఎవరేం చెప్పినా "సరే" అనేదాన్ని. నన్నెరిగినవాళ్లకు దాంతోనే భయం వేసి ఉండాలి. అంత తేలిగ్గా సరే అనే మనిషిని కాను నేను.

పాఠం దగ్గరపడిందని తెలిసి వదిన విద్యానగర్ నుంచి క్యారియర్ పట్టుకుని వచ్చింది. "ఈసారి పిల్లలకు ఆ బొట్లూ అవీ పెట్టకే. నాకు పట్టింపని కాదు. ఆడపిల్లల తల్లులు ఊరుకోరు, మాట పడేది నువ్వే" అంది. సరే అన్నాను. మర్నాడు హెడ్మిస్ట్రెస్ కూడా పిలిచి, "ఎక్స్‌పెరిమెంట్ చెయ్యండి మేడం, బొట్టు మాత్రం వద్దు. ఏమనుకోకండి" అంది. దానికీ సరే అన్నాను. వరండాలోకి వచ్చాక తట్టింది, అది కూడా పోతే నాదంటూ ఇంకేమీ మిగలదని. తట్టింది గానీ బాధ కలగలేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుంది, అలా ఉన్నాను.

సున్నం ఎప్పుడూ మా ఆయనే తెచ్చిపెట్టేవాడు, నారాయణగూడ చౌరస్తాలో తను పాన్ కట్టించుకునే డబ్బా నుంచి. ఈసారి నేనే వెళ్లాను. ఒకటి రెండుసార్లు మమ్మల్నిద్దర్నీ ఒకచోట చూసిన గుర్తుతో డబ్బా అతను పలకరించాడు.

"సార్ కనవడ్తలేడేంది మేడం?"

"చనిపోయారు."

అతను చేతిలోని ఆకు కింద పెట్టేశాడు. "అయ్యయ్యో, ఎట్లయింది మేడం? మంచిగ నవ్వుకుంట మాట్లాడేటోడు గద!"

"కొంచెం సున్నం కావాలి" అన్నాను. ఆకు ముక్కలో సున్నం మడిచి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. నాకంటే అతనే ఎక్కువ బాధపడ్డాడని ఇంటికొస్తూ అనుకున్నాను.

పాఠం రోజున పసుపులో సున్నం కలిపాను. ఎర్రబడింది. పిల్లలు గోల చేశారు. అందులోంచి కొంచెం వేరే గిన్నెలోకి తీసి నిమ్మచెక్క పిండాను. ఎరుపు పోయి మళ్లీ పసుప్పచ్చగా అయింది. నాతో వాదించడానికే బడికి వచ్చే ఆడపిల్ల ఒకతి ఉంది ఆ క్లాసులో. లేచింది.

"రసాయన మార్పు మళ్ల ఎన్కకు రాదన్నరు గద టీచర్. గిదెట్ల వచ్చింది?"

"చాలా మటుకు రావు, కొన్ని వస్తాయి. వెనక్కి వచ్చిందా లేదా అని కాదు చూడాల్సింది, కొత్త పదార్థం పుట్టిందా లేదా అని. సున్నం తగిలి ఎర్రబడినది వేరే పదార్థం. నిమ్మరసం పడ్డాక ఇంకో రసాయన మార్పు జరిగింది."

"ఊ" అంది గానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

ఎవరూ చెప్పకుండానే లైను కట్టారు. "ఈసారి బొట్లు లేవు" అన్నాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఇళ్లలో చెప్పి పంపారని అర్థమైంది. "కావాలంటే మీరే పెట్టుకోండి" అని ఎర్ర గిన్నె బల్ల చివరికి జరిపాను. ఒకళ్లకొకళ్లు పెట్టుకున్నారు, ముక్కుల మీదా బుగ్గల మీదా పూసుకున్నారు. నేను కిటికీ పక్కన నిలబడి చాక్‌పీసు పొడి దులుపుకున్నాను. నేను లేకుండానే నా పని జరిగిపోతోంది. కోపం రావాలి. రాలేదు.

ఆ వాదించే పిల్ల ఒక్కతే పెట్టుకోలేదు. గిన్నె పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"మీరే పెట్టుండ్రి టీచర్."

"నేను పెట్టకూడదమ్మా. వెళ్లి కూర్చో."

"ఎందుకు పెట్టొద్దు?"

"మీ అమ్మ ఏమన్నా అంటుంది" అన్నాను. మా వదిన మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే రోతగా ఉంది.

"మా అమ్మ ఏమంటది టీచర్? మా డాడీ చనిపోయిండు, నేను సెకండ్ క్లాసుల ఉన్నప్పుడు. రోజు నాకు జడేసి బొట్టు పెట్టేది మా అమ్మనే." పుస్తకంలో తప్పు పట్టుకున్నప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే చెప్పింది. "ఇయ్యాల మీరు పెడ్తరని ఆమెను పెట్టనియ్యలే."

కళ్లు మూసుకుని మొహం పైకెత్తింది. వేలు ముంచి పెట్టాను. నుదురు వెచ్చగా తగిలింది. ఆయన పోయాక నేను ఇంకో మనిషిని ముట్టుకోలేదని అప్పుడు తెలిసింది.

పిల్ల వెళ్లి కూర్చుంది. నేను బోర్డు తుడుద్దామని అటు తిరిగాను. తుడవడానికి అక్షరాలు కనబడలేదు. మా ఆయన లేడు, ఇక రాడు అని ఆ బోర్డు ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. బెల్లు మోగింది. వెనక ఒక్క బెంచీ కూడా కదల్లేదు.