ఒటిస్ టాబ్‌ను చూసినవాళ్ళు

మా నాన్న ఐజయా బాయ్‌కిన్ నాకు వదిలిపోయినవి మూడే. ఉత్తర ఫిలడెల్ఫియాలో రెండు కుర్చీల సెలూన్, ఆయన కోపం, గోడ మీద ఒక నల్ల పలక. మొదటి రెండింటితో నేను బాగానే బతుకుతున్నాను. ఆ మూడోదాని మీద ఒక పేరు నిలబెట్టడానికి నానా తంటాలు పడ్డ లిన్‌వుడ్ స్ట్రదర్స్ గురించి చెప్పాలి.

పలక పుట్టిందే వాదనల వల్ల. శనివారం పూట మా షాపులో జుట్టు కత్తిరించుకునేవాళ్ళకంటే వాదించుకునేవాళ్ళే ఎక్కువ. బాస్కెట్‌బాల్‌లో అందరికంటే గొప్పవాడు ఎవడు? నేను గౌను వేసుకున్న రోజుల నుంచీ ఇదే ప్రశ్న. ఒకసారి ఇద్దరు పెద్దమనుషులు నా కళ్ళముందే కాలర్లు పట్టుకున్నారు. ఆ రోజే నాన్న నియమం పెట్టాడు. ఇక్కడ విన్నవాడికి నోరు లేదు, చూసినవాడికే ఉంది. పలక మీద గొప్పవాడిగా పేరు ఎక్కాలంటే ఆ మనిషి ఆడుతుండగా కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు బతికి ఉండాలి. అందులో ఒకరు పోతే నాలుగు శనివారాలు గడువు. ఆలోగా ఇంకొకరు దొరక్కపోతే తడిగుడ్డతో తుడిచెయ్యడమే. టీవీలో కనబడ్డ పెద్ద పేర్లకు ఏ భయమూ లేదు. బెంగంతా వీధి ఆటగాళ్ళ గురించే. నాన్న పోయాక నా చేత్తో తొమ్మిది పేర్లు తుడిచాను. తుడిచిన ప్రతిసారీ ఆ పూట అన్నం సహించలేదు.

లిన్‌వుడ్ పొట్టి మనిషి. నలభై ఏళ్ళు సిటీ బస్సుల డిపోలో బ్రేకులు బాగుచేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు, భార్య ఎప్పుడో పోయింది. చెవుల పక్కన తప్ప తల మీద వెంట్రుక లేకపోయినా ప్రతి శనివారం పదింటికల్లా వచ్చి రెండో కుర్చీలో కూర్చునేవాడు. కోటు జేబులోంచి రెండు పిప్పరమెంట్లు తీసి నా చేతిలో పెట్టేవాడు. నాకు యాభై ఆరేళ్ళు వచ్చినా ఆయనకు నేను పాపనే.

ఆయన ఎదురు బెంచీ మీద డారెల్ మింగో కూర్చునేవాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. మా షాపులో అందరికంటే పెద్ద గొంతు వాడిదే.

"జోర్డాన్. ఆరు ఉంగరాలు. ఇంక మాట్లాడేదేముంది అక్కా?" అనేవాడు. లీగ్ గెలిచిన జట్టులో వాళ్ళకిచ్చే ఉంగరాల లెక్క అది.

"ఉంగరాలే లెక్కయితే రసెల్‌కి పదకొండు. వేళ్ళే చాలవు. మరి ఆయన పేరెత్తవేం?" అనేదాన్ని నేను.

"ఆ రోజుల్లో జట్లెన్నని? గుప్పెడు."

"ఒక్క ఆటలో వంద పాయింట్లు కొట్టిన చాంబర్లేన్ మన ఊరివాడు. ఆ సంగతీ కొట్టిపారేస్తావా?"

అందరూ అరిచి అలిసిపోయాక, తెల్లగుడ్డ కింద కూర్చున్న లిన్‌వుడ్ ఒకే మాట అనేవాడు. "ఒటిస్ టాబ్."

షాపంతా మూలిగేది. "బాబాయ్, ఆయన ఫొటో ఉందా? లేదు. స్కోరు కాగితం ఉందా? లేదు. ఇల్లెక్కడో తెలుసా? అదీ లేదు. ఆయన్ని నువ్వే పుట్టించి ఉంటావు," అనేవాడు డారెల్.

"నన్ను చూడరా. నేను ఆటగాడిలా ఉన్నానా?"

"ఈ జన్మకి కాదు బాబాయ్."

"అరవై మూడు ఎండాకాలంలో, స్కూలు వెనక స్థలంలో, ఒక్క ఆటలో ముప్పై ఒక్క పాయింట్లు కొట్టాను. నాచేత కొట్టించినవాడు ఎంతటివాడై ఉండాలి? మీరందరూ వాళ్ళెన్ని కొట్టారో లెక్కపెడతారు. పక్కవాడిచేత ఎన్ని కొట్టించాడో ఎవడైనా లెక్కపెట్టాడా?"

లిన్‌వుడ్‌ను ఎప్పుడూ అందరికంటే ఆఖరున జట్టులోకి తీసుకునేవాళ్ళట. వీడేం చేస్తాడులే అని అవతలివాళ్ళు ఆయనకు అడ్డం నిలబడేవాళ్ళు కూడా కాదు. ఆ ఎండాకాలం ఎక్కడినుంచో టాబ్ వచ్చాడు. మిగతా అందరూ చూడకుండా వదిలేసిన మనిషికే బంతి వేసేవాడు, అదీ అటువైపు తల తిప్పకుండా. చెయ్యి ఎత్తేలోపు బంతి చేతిలో ఉండేదట. సెప్టెంబరులో వాళ్ళమ్మను పూడ్చిపెట్టడానికి కరోలినా వెళ్తున్నానని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆ ఆట చూసినవాళ్ళలో మిగిలింది లిన్‌వుడ్, మా చర్చిలో డీకన్‌గా ఉన్న సంఘపెద్ద పర్విస్ గెయిథర్ మాత్రమే. ఆ ఇద్దరి మాట మీదే టాబ్ పేరు పలక మీద ఉంది.

ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. జుట్టు కత్తిరిస్తుండగా ఒక్కోసారి తెల్లగుడ్డ కింద లిన్‌వుడ్ చేతులు రెండూ ఛాతీ ఎత్తుకు లేచేవి. గుడ్డ గుడారంలా పైకొచ్చేది. మెత్తని చప్పుడొకటి వినబడేది, అరచేతుల్లో ఏదో పడ్డ చప్పుడు. తరవాత చేతులు దిగిపోయేవి. ఆయన అద్దంలో నాకేసి చూసేవాడు కాదు. వయసు మీదపడి వచ్చే వణుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వణుకుకు చప్పుడుండదని నాకు తెలుసు.

అక్టోబరులో గెయిథర్ పోయాడు. పూడ్చి వచ్చాక చర్చి కింద హాల్లో అందరూ వేయించిన కోడీ బీన్సూ తింటున్నారు. లిన్‌వుడ్ పళ్ళెం ముట్టుకోలేదు. "నాలుగు శనివారాలు పాపా," అన్నాడు నాతో. ఆయన మొహం చూడలేకపోయాను. ఆ పేరు చెరిగిపోతే ఆయన ముప్పై ఒక్క పాయింట్లూ చెరిగిపోతాయి. డెబ్భై ఏడేళ్ళ బతుకులో ఆయన బాగా ఆడిన ఎండాకాలం అదొక్కటే.

మూడు వారాలు ఆ ముసలాయన బస్సులెక్కి ఊరంతా తిరిగాడు. వృద్ధాశ్రమాల్లో పాత స్నేహితుల మంచాల పక్కన కూర్చున్నాడు. కొందరు టాబ్ ఎవరన్నారు, కొందరు నువ్వెవరన్నారు. ఆఖరి శనివారానికి ఆరు రోజులుందనగా, ఆదివారం చర్చి అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"నాతో ఒకసారి స్కూలు వెనక్కి రా పాపా. ఎవరికీ చూపించలేదు. పర్విస్‌కి కూడా."

మధ్యాహ్నం మూడు గంటలు. మంచి ఎండ. ఆ స్థలంలో పిల్లలు కూడా లేరు. రింగుకు దారపు వల బదులు ఇనప గొలుసుల వల వేలాడుతోంది. గాలి లేదు, ఆ గొలుసులు కదలడం లేదు. లిన్‌వుడ్ కోటు విప్పి, టోపీ తీసి నా చేతికిచ్చి, అంచు గీత వెంట పరుగందుకున్నాడు. మెట్లెక్కడానికే ఆగి ఆగి వచ్చే మోకాళ్ళవి. ఆట స్థలానికి వీపు పెట్టి పరుగెత్తి, చూడకుండానే చేతులెత్తాడు.

చప్పుడు వచ్చింది.

బరువు తగిలినట్టు ఆయన మోచేతులు వెనక్కి మడతపడ్డాయి. ఒక్క అడుగు వేసి చేతులు పైకి విసిరాడు. గొలుసులు గలగలమన్నాయి. తరవాత నేల మీద ఏదో ఎగిరి ఎగిరి పడుతున్న చప్పుడు, ఒకటి, రెండు, మూడు, తగ్గుకుంటూ నా కాళ్ళ దాకా వచ్చి ఆగింది. నా బూట్ల ముందు ఏమీ లేదు. నేను వెనక్కి జరగలేకపోయాను. లిన్‌వుడ్ ఐదుసార్లు అలాగే పరుగెత్తాడు, ఐదుసార్లూ గొలుసులు మోగాయి.

ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చి అడిగాడు. "చూశావా?"

నేను ఆయన టోపీ తిరిగి ఇచ్చాను.

శనివారం షాపు నిండిపోయింది. డారెల్ గొంతు తగ్గించి, "అక్కా, రెండో సాక్షివి నువ్వేనంటగా. ఆయన్ని చూశావా?" అన్నాడు. లిన్‌వుడ్ రెండో కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఔనంటే అయిపోయేది. కానీ నాన్న పెట్టిన నియమం, నాన్న ఇచ్చిన కోపం, రెండూ కలిసి నా నోటికి అడ్డం పడ్డాయి.

"గొలుసులు కదలడం చూశాను. మనిషిని చూడలేదు."

తడిగుడ్డ తీసుకుని తుడిచాను. పలక ఆరగానే అక్షరాలు మళ్ళీ తేలాయి. ఇంకోసారి తుడిచాను. మళ్ళీ తేలాయి. మూడోసారి నా బలమంతా పెట్టి రుద్దితే పోయాయి.

"అబద్ధం చెప్పలేదు, మంచిపనే చేశావు పాపా," అని లిన్‌వుడ్ లేచాడు. జుట్టు కత్తిరించుకోలేదు. పిప్పరమెంట్లు ఇవ్వడం మాత్రం మరిచిపోలేదు. దానికంటే నాలుగు తిట్టిపోయినా బాగుండేది.

ఆ తరవాత రెండు శనివారాలు ఆయన రాలేదు. మూడో వారం మంగళవారం మధ్యాహ్నం షాపులో నేనొక్కదాన్నే చీపురుతో వెంట్రుకలు ఊడుస్తున్నాను. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. మంగళవారాలు ఒక్కోసారి సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండడు. చీపురు కిందపడింది. నేను వదల్లేదు. నా చేతులు వదిలాయి. రెండూ వాటంతటవే ఛాతీ ముందుకు లేచి నిలబడ్డాయి. దించుదామంటే దిగలేదు. అప్పుడు తగిలింది. బరువుగా, వెచ్చగా. కుడివైపు నుంచి, మోకాలి ఎత్తులో బయలుదేరి పైకి లేస్తూ వచ్చి, ఎడమ మణికట్టును కొంచెం తిప్పింది. అద్దంలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా అరచేతుల నిండా ఎర్రగా, తోలు బంతి మీద ఉండే చిన్న చిన్న బొడిపెల గుర్తులు.

షాపు తాళం కూడా వెయ్యకుండా లిన్‌వుడ్ ఇంటికి పరుగెత్తాను. ఆయన పక్క మీద ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. చేతులు చూపించాను.

"ఎటునుంచి?" అన్నాడు.

"కుడినుంచి. కిందనుంచి లేస్తూ. మణికట్టు తిప్పింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "ఎడమ మణికట్టు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు పాపా."

"నాకెందుకు వేశాడు మిస్టర్ లిన్‌వుడ్? నేను బంతి పట్టిన మనిషినే కాదు."

"నేను మాత్రం పట్టినవాణ్ణా? ఎవరి పక్కన ఎవరూ లేరో వాళ్ళకే వేస్తాడు. అందుకే కదా గొప్పవాడన్నాను. మీరు వింటేనా."

ఆ శనివారం టాబ్ పేరు మళ్ళీ రాశాను. కళ్ళకు కనబడిందా అని డారెల్ అడిగితే, చేతికి తగిలింది, అంతకంటే కనబడేదేముంది అన్నాను. నా మొహం చూసి ఎవరూ రెట్టించలేదు. లిన్‌వుడ్‌ను కుర్చీలో మోసుకొచ్చి పలక చూపించాం. చాలాసేపు చదువుకున్నాడు, ఉన్నది రెండే మాటలైనా.

ఫిబ్రవరిలో ఆయన పోయాడు. శవాన్ని సిద్ధంచేసినవాడు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు, చేతులు గుండెల మీద జోడించి పెడితే ఉండడం లేదట. ఎన్నిసార్లు పెట్టినా విడిపోయి, అరచేతులు పైకి తిరిగి, మధ్యలో ఒక బంతి పట్టేంత ఎడంగా నిలుస్తున్నాయట. అలాగే ఉండనివ్వమన్నాను.

మళ్ళీ నాలుగు శనివారాలు మొదలయ్యాయి. ఈసారి బతికున్న సాక్షిని నేనొక్కదాన్నే. నాన్న నియమాన్ని తిట్టుకున్నాను, లిన్‌వుడ్‌ను తిట్టుకున్నాను, ఆ కనబడని మనిషిని కూడా తిట్టుకున్నాను. నాలుగో శనివారం బకెట్లో గుడ్డ ముంచి పిండాను. వాదన లేదు. డారెల్ రెండు వారాలుగా షాపుకే రావడం లేదు. నేను ఎత్తుపీట ఎక్కబోతుంటే తలుపు తెరుచుకుంది.

"ఆగక్కా," అన్నాడు డారెల్. చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. ఎప్పుడూ షాపు కప్పు ఎగిరేలా మాట్లాడేవాడి గొంతు పైకి రావడం లేదు.

"పొద్దున్న వంటింట్లో తింటున్నా. ఒక్కణ్ణే. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయి ఏడాదైంది, మీకెవరికీ చెప్పలేదు నేను. చెంచా కిందపడింది."

"ఎటునుంచి?" అన్నాను.

"కుడినుంచి. కిందనుంచి లేస్తూ." వాడు జేబుల్లోంచి చేతులు తీసి ముందుకు చాపాడు. ఎర్రటి బొడిపెల గుర్తులు ఇంకా పోలేదు. ఎడమ మణికట్టు నొప్పిగా ఉన్నట్టు రెండో చేత్తో పట్టుకున్నాడు.

మణికట్టు సంగతి ఆ ముసలాయనకూ నాకూ తప్ప తెలిసినవాళ్ళు లేరు. గుడ్డను బకెట్లో వేసేశాను. ఏడాదిగా ప్రతి శనివారం నా ఎదురుగా కూర్చుని అరుస్తున్న మనిషి ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడని నేను చూడలేదు. లేనివాడు చూశాడు. నాకు సిగ్గేసింది.

"కూర్చో," అన్నాను.

వాడు లిన్‌వుడ్ కుర్చీలో కూర్చున్నాడు. తెల్లగుడ్డ దులిపి మెడకు కట్టాను. వాడి చేతులు మాత్రం గుడ్డ బయటే ఉంచాను.